గుండీ తిన్న రొట్టె

తెల్లారేసరికి గుండీ లేవలేదు. మామూలుగా అయితే ఇంట్లో అందరికంటే ముందు లేచి, కుట్టుమిషను కింద పడి ఉన్న గుడ్డపీలికలన్నీ ఈడ్చుకొచ్చి గది నడిమధ్యన కుప్ప పోసేది. ఆ వేళ మిషను పెడలు పక్కన మూతి నేలకి ఆనించి పడుకునే ఉంది. దాని ముందు పసుప్పచ్చని వాంతి... పేరు పెట్టి పిలిస్తే తోక కొస మాత్రం ఒక్కసారి కదిలింది. అసలు అదెంత కుక్కని! చేతిసంచీలో కూర్చోబెడితే పక్కన ఒక గొడుక్కి కూడా చోటు మిగులుతుంది.

"అమ్మాయ్, దీని కళ్లు చూడు," అంది అత్తగారు దాన్ని ఒళ్లోకి తీసుకుని. "తెల్లగా ఉండాల్సిందంతా పచ్చగా ఉంది. చిగుళ్లు కూడా అలాగే ఉన్నాయి."

ఆ ఇంటి ముందుగదే దర్జీ కొట్టు. కోడలు కొలతలు తీసి, కత్తిరించి, మిషను మీద కుడుతుంది. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చేత్తో కాజాలు కుట్టి, గుండీలు వేస్తుంది. చొక్కా చిరిగినా ఆవిడ కుట్టిన కాజా చిరగదు. వీధి వీధంతా ఆవిడని కాజాలమ్మ అనే పిలుస్తుంది. భర్త పోయిన కొత్తలో ఆవిడ ఎవరితోనూ పలక్కుండా కూర్చుంటే, బస్సు డ్రైవరైన కొడుకు డిపోలో దొరికిన ఈ కూనని జేబులో వేసుకొచ్చి ఒళ్లో పెట్టాడు. వచ్చిన రోజే ఒక గుండీ మింగి ఇల్లంతా హడలగొట్టింది కాబట్టి పేరు కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేకపోయింది. అప్పటినుంచీ ఆవిడ కుర్చీ కిందే దాని కాపురం. ఆ వేళ కొడుకు పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయాడు. అత్తాకోడళ్లిద్దరే దాన్ని తువ్వాలులో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ చిగుళ్లు నొక్కి చూసింది, పొట్ట తడిమింది, రక్తం తీసి పరీక్షకి పంపింది. ఫలితం చేతికొచ్చాక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"లివరు బాగా దెబ్బతిన్నట్టుంది. పుట్టుకతో వచ్చిన జబ్బో, ఇన్‌ఫెక్షనో, ఏదైనా విషం తిన్నదో ఇప్పుడే చెప్పలేను. అదేదో తెలిస్తేనే సరైన వైద్యం చేయగలను. ఇంట్లో ఎలకల మందు గానీ, మనుషుల మాత్రలు గానీ దానికి అందేలా ఉంటాయా?"

"మా ఇంట్లో మాత్రలే ఉండవమ్మా," అంది అత్తగారు. "నేను మింగను, మా పిల్లలకి అవసరం రాలేదు. దాని తిండి దానికి వేరే. పొద్దున్నపూట మాత్రం నా రొట్టెలో ముక్క పెడతాను."

ఏ రొట్టె అత్తయ్యా అని అడగబోయి కోడలు నోరు మూసుకుంది. ఏ రొట్టో ఆమెకి తెలియదా... రోజూ దానికి వెన్న రాసి ఇస్తున్నది ఆమె కాదూ!

"మీరేమైనా చెప్పాలా?" అని డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది.

"ఏం లేదండీ," అంది కోడలు. తేలు కుట్టిన దొంగలా కదలకుండా, మెదలకుండా నిలబడిపోయింది. బల్ల మీద గుండీ కాలికి సూది గుచ్చి సెలైను ఎక్కిస్తున్నారు. ముందు ఇన్‌ఫెక్షనుకి మందు మొదలుపెడతామనీ, కుక్కని ఇక్కడే ఉంచి సాయంత్రం రమ్మనీ చెప్పి డాక్టరమ్మ ఇంకో గదిలోకి వెళ్లింది.

దారి పొడుగునా కోడలు జరిగిందంతా తలుచుకుంటూనే నడిచింది. బడులు తెరిచే రోజులు. ఒక బడి వాళ్లు పిల్లల చొక్కాలన్నీ ఆమెకే ఇచ్చారు, అదీ కాజాలమ్మ చేతి పని కావాలని అడిగి మరీ. సరిగ్గా అప్పుడే అత్తగారి వేళ్ల కణుపులు వాచాయి. సూది జారిపోతోంది. వంకరపోయిన కాజాని ఎవరూ చూడకుండా విప్పి, మళ్లీ కుట్టి, మళ్లీ విప్పుతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన నొప్పి మాత్రలు రాసిచ్చాడు. ఇంటికొచ్చాక ఆవిడ వాటిని ముట్టుకుంటే ఒట్టు. "నా చేతులకేం? నిక్షేపంగా ఉన్నాయి. మాత్రలకి అలవాటు పడితే ఇక మంచం పట్టినట్టే," అని ఆ పొట్లాం తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. కోడలు దాన్ని ఏరి తెచ్చి, దారపు రీళ్ల డబ్బాలో అడుగున దాచింది. మర్నాటి నుంచీ సగం మాత్ర నూరి, వెన్నలో కలిపి, రొట్టెకి రాసి, "తినండి అత్తయ్యా," అని తానే చేతికందించింది. అత్తయ్య నొప్పి తగ్గాలనే కదా అనుకుంది. అది నిజమే... కానీ సగం నిజం. మిగతా సగం ఏమిటో మూలనున్న చొక్కాల గుట్టకి తెలుసు. పనిలో తేడా కనబడకపోయేసరికి సగం చాల్లేదేమోనని మొత్తం మాత్ర నూరడం మొదలుపెట్టింది. తేడా ఎందుకు కనబడలేదో ఇప్పుడు అర్థమైంది.

గుమ్మంలోనే పక్కింటి పిన్నిగారు ఎదురైంది. కుక్క సంగతి విని అయ్యో అంది, ఆ వెంటనే కోడలి భుజం తట్టింది. "కుక్కకే ఇంత కంగారు పడ్డావంటే అత్తగారి కోసం ప్రాణమిస్తావు. మా వాడికి ఇలాంటిదొకతె దొరికితే నేను కాళ్లు బారజాపుకుని కూర్చుంటాను," అంది. ఇంకోనాడైతే ఆ మాటకి కోడలు పొంగిపోయేదే. ఆ వేళ అది చెంపదెబ్బలా తగిలింది. తలవంచుకుని లోపలికి వచ్చేసింది.

అత్తగారు కుర్చీలో కూర్చోలేదు. గుండీ తినే చిప్ప తీసుకుని కుళాయి కింద పదే పదే తోముతోంది. భోజనానికి పిలిస్తే వద్దంది.

"నా చేతి తిండే దాని ప్రాణం మీదికి తెచ్చిందమ్మాయ్," అంది ఉన్నట్టుండి. "డాక్టరమ్మ అడిగినప్పుడు చెప్పలేకపోయాను. ఈమధ్య ఆ వెన్న చేదెక్కింది. పాడైపోయిందేమోనని నాకు అనుమానం వస్తూనే ఉంది. నాలిక్కి ఆనించి, పక్కన పెట్టి, దానికి వేసేదాన్ని. పిచ్చిది, నేను పెడితే మట్టైనా తింటుంది."

"చేదుగా ఉందని నాతో అనొచ్చు కదత్తయ్యా?" అంది కోడలు.

"ఎలా అననే? ఇన్నేళ్లలో నువ్వు పక్కన నిలబడి, రొట్టెకి వెన్న రాసి, తినండి అత్తయ్యా అనడం ఇదే మొదటిసారి. నీకూ తీరిక ఉండదు, నాకు తెలుసు. అంత ప్రేమగా ఇచ్చింది బాగోలేదని ఏ నోటితో చెప్పను? నువ్వు అటు తిరిగాక దానికి పెట్టేసి, మూతి తుడుచుకునేదాన్ని."

ప్రేమట! ఆ మాట విన్నాక ఇంకా నిలబడి ఉన్నందుకు కోడలికి తన కాళ్ల మీద తనకే రోత పుట్టింది. చెబితే ఆ ముసలామె దృష్టిలో తానెప్పటికీ దిగజారిపోతుంది. భర్త ముఖం చూడలేదు. వీధిలో తల ఎత్తలేదు. చెప్పకపోతే అక్కడ ఆ నలుసంత ప్రాణానికి అక్కర్లేని మందు ఎక్కుతూ ఉంటుంది. మధ్యలో ఈవిడ చేయని పాపాన్ని నెత్తిన పెట్టుకుని చిప్ప తోముతూ ఉంటుంది... రీళ్ల డబ్బా తెచ్చి, దారాలన్నీ నేల మీద గుమ్మరించి, అడుగున ఉన్న పొట్లాం తీసి అత్తగారి ముందు పెట్టింది.

"వెన్న పాడవలేదత్తయ్యా. ఇది కలిపాను. మీకు చెప్పకుండా రోజూ కలిపాను. మీ నొప్పి తగ్గాలనే కలిపానని చెప్పాలని ఉంది, కానీ కాజాలు టైముకి అవ్వాలనే ఎక్కువ ఆలోచించాను," అంది. ఏడుపు ఆపుకోలేక అక్కడే కూలబడింది.

కుళాయి నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. అత్తగారు పొట్లాం చూసింది, కోడల్ని చూసింది. ఆవిడ ముఖంలో కోపం కూడా కనబడలేదు. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"లే. ముందు డాక్టరమ్మకి చెప్పు. నా సంగతి తర్వాత," అంది.

ఆసుపత్రి వరండా నిండా జనం. పిల్లిని బుట్టలో పెట్టుకున్నవాళ్లు, చిలకని తెచ్చినవాళ్లు. వాళ్లందరి మధ్యనే డాక్టరమ్మ ఎదురైంది. లోపలికి వెళ్లి చెప్పేంత ఓపిక కోడలికి లేకపోయింది. ఉన్నదున్నట్టు అక్కడే చెప్పేసింది. పిల్లిబుట్ట ఆవిడ మాట వినడానికి కాస్త ముందుకు వంగింది కూడా.

"పొద్దున్న అడిగాను కదమ్మా," అంది డాక్టరమ్మ. "మనుషుల నొప్పి మాత్ర ఇంత చిన్న కుక్కకి విషమే. ఒక పూటంతా వృథా అయిపోయింది." పొట్లాం మీది పేరు చదివి, నర్సుని కేకేసి, వేసిన మందు ఆపించి, వేరే మందు రాసింది. అప్పుడు ఆగి అత్తగారి వైపు చూసి, "మీరెంత తిన్నారు? మీరూ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి," అని వెళ్లిపోయింది. అంతవరకూ ఆ ఆలోచనే రానందుకు కోడలు సిగ్గుతో చచ్చిపోయింది.

డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు భర్త. అత్తగారు ఏదో చెప్పబోతుంటే కోడలే ముందుకు వచ్చి చెప్పింది. అతను విన్నాడు.

"మా అమ్మకి తెలియకుండా మా అమ్మ తిండిలో మందు కలిపావా?" అన్నాడు. "నాతో ఒక్కమాట అంటే బతిమాలి నేను మింగించేవాణ్ని కదా."

అరిచి ఉంటే బాగుండేది. అతను బెంచీకి ఆ చివర్న వెళ్లి కూర్చున్నాడు. తల్లి మధ్యలో కూర్చుంది. ఈ చివర కోడలు.

"నువ్వేం మింగించేవాడివి కాదులే," అంది అత్తగారు ఎదురుగా ఉన్న గోడని చూస్తూ. "నేను మాత్రం నిజం చెప్పానా? చేతులు నొప్పని ఒప్పుకుంటే ఈ అమ్మాయి కాజాలు మిషనుకి ఇచ్చేస్తుందని భయం. ఆ కుర్చీ పోతే ఆ ఇంట్లో నేనెక్కడ కూర్చోను?" కోడలు చప్పున తలెత్తింది. ఆవిడ మాత్రం ఆమె వైపు చూడలేదు. "అయినా అమ్మాయ్, నువ్వు చేసింది తప్పే. కుక్కని చూసినట్టు చూశావు నన్ను," అంది.

గుండీ చావలేదు. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి, సగానికి సగం చిక్కి ఇంటికొచ్చింది. లివరు కోలుకోగల అవయవమేననీ, కానీ ఎంత కోలుకుంటుందో మళ్లీ పరీక్ష చేస్తే గానీ తెలియదనీ, అంతవరకూ పథ్యం, మాత్రలు తప్పవనీ డాక్టరమ్మ చెప్పింది. అత్తగారి రక్తపరీక్షలో తేడా ఏమీ రాలేదు. వేళ్లకి డాక్టరు మళ్లీ మాత్రలు రాశాడు, ఆ పొట్లాం అల్మరాలోనే పడి ఉంది. కోడలు తనంతట తానే బడికి వెళ్లి, చొక్కాల్లో సగం వేరే కొట్టుకి ఇప్పించి వచ్చింది. అత్తగారు ఆమె చేతి రొట్టె మాత్రం తినడం లేదు. తన రొట్టె తనే కోసుకుంటోంది. వాచిన వేళ్లలో కత్తి నిలవక ముక్క వంకరగా తెగుతుంటే, కోడలు సాయం వెళ్లే హక్కు లేక, దూరంగా నిలబడి చూసేది. దానికంటే తిట్టడమే నయం అనిపించేది.

ఒకరోజు ఉదయం కోడలు డాక్టరమ్మ చెప్పినట్టే ఉడికించిన మాంసం ముక్కలో మాత్ర దాచి గుండీ ముందు పెట్టింది. గుండీ వాసన చూసి ముఖం తిప్పేసుకుంది. మళ్లీ పెడితే కుర్చీ కిందికి దూరింది. కిటికీ దగ్గరి నుంచి అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది.

"దాచకు," అంది.

లేచి వచ్చి, ముక్కలోంచి మాత్ర తీసి తుడిచి, కుక్క ముందు చతికిలబడింది. "ఇదిగో, ఇది మాత్ర. చేదుగా ఉంటుంది. అయినా మింగాలి," అని దానికి చూపించింది. దవడ తెరవబోతే వేళ్లు వంగలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"నా వేళ్లలో పట్టు లేదు," అంది అత్తగారు తల ఎత్తకుండా. "నువ్వు పట్టుకో."

కోడలు మోకాళ్ల మీద కూర్చుని దవడ పట్టుకుంది. అత్తగారు మాత్ర నాలుక మీద వేసి గొంతు నిమిరింది. గుండీ గుటుక్కున మింగి, ఇద్దరి వంకా నిష్ఠూరంగా చూసింది. చాలారోజుల తర్వాత అత్తాకోడళ్ల చేతులు తగిలాయి. అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అరచేయి తెరిచి ముందుకు చాపింది.

"నాదేది?" అంది.

కోడలు అల్మరాలోంచి పొట్లాం, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. మాత్ర తీసి ఆ అరచేతిలో పెట్టింది. "అత్తయ్యా, ఇది మీ నొప్పి మాత్ర," అంది కళ్లు తుడుచుకుంటూ. "చేదుగా ఉంటుంది."

"తెలుసు. రుచి చూశానుగా," అని అత్తగారు మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.