తాళం వెయ్యని గది

2086 నాటికి హైదరాబాదులో సినిమా చూసి బయటికొచ్చినవాళ్లు "ఇంతకీ ఆ విలన్ ఏమయ్యాడు?" అని అడగడం మానేశారు. శేషకథా యంత్రం వచ్చాక కథల్లో చిల్లులు మిగల్లేదు. పాత సినిమాలో దర్శకుడు గాలికొదిలేసిన పాత్రకు అది ఒక మనసునిచ్చి, చివరి సీన్ నుంచి బతకనిస్తుంది. మనకు ఒక రోజు గడిస్తే లోపల ఒక ఏడాది, కానీ అక్కడ ఆకలీ ముసలితనం ఉండవు. ఆ పాత్ర ఏం చేస్తే అదే మిగతా కథ.

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతికి చిన్నప్పటి నుంచీ నీలదంష్ట్ర అనే విలన్ మీద బెంగ. పిడుగుమనిషి సినిమా రెండో భాగం చివర హీరో అతన్ని కొండ కింద గదిలో పెట్టి, తెల్లారగానే వచ్చి కోర్టుకు తీసుకెళ్తానంటాడు. తర్వాత నాలుగు భాగాలొచ్చాయి. హీరో పెళ్లి చేసుకున్నాడు, చంద్రుడి మీద కూడా ఫైట్ చేశాడు. గదిలో మనిషి ఊసే లేదు. అతనికి అన్నం ఎవరు పెడతారని తొమ్మిదేళ్ల హైమవతి హాల్లో ఏడిస్తే పక్కవాళ్లు నవ్వారు.

అతని కోసం యంత్రాన్ని నలభై రోజులు నడిపించింది. పగ తీర్చుకుంటాడనే అందరూ అనుకున్నారు. చూస్తే నీలదంష్ట్ర గది శుభ్రంగా ఊడ్చుకుని గోడవారన కూర్చున్నాడు. పారిపోలేదేమని మైకులో అడిగింది.

"తలుపుకి తాళమే లేదమ్మా. ఎయ్యడం మర్చిపోయారు. చేసినయ్యన్నీ కోర్టులో ఒప్పుకుందామని కూర్చున్నా. నేనెల్లిపోతే ఆయనొచ్చి ఎతుక్కుంటాడు గదా."

హైమవతికి ఏడుపొచ్చింది. నాలుగేళ్లు, అంటే తన లెక్కలో నాలుగు రోజులు, ఓపిక పట్టమని, హీరోకీ మనసునిచ్చి తనే తెస్తానని మాటిచ్చింది.

బయటికొచ్చేసరికి స్టూడియో మేనేజరు ఫణీంద్ర ఆ సినిమా పని అయిపోయిందని గుమ్మడికాయ కొట్టించేశాడు. ఇక ఆ సినిమాకు మళ్లీ ఏ మీటా నొక్కకూడదట, అరిష్టమట. ఫైట్ చెయ్యని విలన్ని ఎవరు చూస్తారని కూడా అన్నాడు. యంత్రాలు కనిపెట్టిన మనిషి గుమ్మడికాయకు భయపడదు గానీ, గొడవ వచ్చే వారం పడదామనుకుంది. ఈలోగా కొత్త యంత్రంలోకి ఇంకో సినిమా విలన్ వచ్చాడు. వీడు మొదటి రోజే జైలు గోడ పగలగొట్టాడు. హైమవతికి తిండీ నిద్రా గుర్తులేకుండా పోయాయి. మనసున్న యంత్రాన్ని ఆపడం చట్టప్రకారం నేరం కాబట్టి, పాతదాన్ని నడుస్తుండగానే గోడౌన్‌లోకి తోసేశారు.

రెండు నెలల తర్వాత ఏదో వైరు కోసం గోడౌన్‌కు వెళ్తే దాని దీపం వెలుగుతూ కనిపించింది. లోపల అరవై ఏళ్లు గడిచాయి. ఆమె గొంతు వినగానే నీలదంష్ట్ర లేచి నిలబడ్డాడు. తీరిక దొరకలేదని చెప్పింది. అసలు గుర్తే లేదని చెప్పలేకపోయింది.

"పర్లేదమ్మా. ఆయనా మీలాంటోడే, మంచోడు. పనిలో పడుంటాడు."

ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అంతలో కొత్త విలన్ ఫైట్ మొదలవుతోందని పైనుంచి పిలిచారు. మెట్లెక్కేసరికి ఆ అసహ్యం కూడా తగ్గిపోయింది.