జడాసురుని మైదానంలో నూకరత్నం సైకిలు

తామ్రగిరి రాజ్యం నడిమధ్యలో ఆరు క్రోసుల మైదానం ఒకటి ఉండేది. సగం ఊళ్ళు దానికి ఇవతల, సగం ఊళ్ళు అవతల. సంతకు పోవాలన్నా, చుట్టపుచూపుగా వెళ్ళాలన్నా ఆ మైదానంలోని దారే అందరికీ దిక్కు. ఒక వేసవిలో జడాసురుడనే రాక్షసుడు వచ్చి, ఆ దారి చివరనున్న పాడుబడ్డ కోటలో కాపురం పెట్టాడు. వాడికి కదలిక అంటే గిట్టదు. బండ్ల చప్పుడు, మనుషుల రాకపోకలు చూసి వాడి ఒళ్ళు మండిపోయింది. ఒక ఉదయాన కోట గుమ్మంలో కూర్చుని, మైదానమంతటినీ మంత్రించేశాడు.

ఆ క్షణంలో దారి మీద డెబ్భై మంది ఉన్నారు. డెబ్భై మంది పాదాలూ ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయాయి. అంతటితో ఆగలేదు. వాళ్ళ పాదాలు రాయిగా మారి, ఆ రాయి రోజుకు రెండు వేళ్ళ మందాన పైకి పాకసాగింది. వాళ్ళకు ఆకలిదప్పులు లేవు, నోట మాట మాత్రం ఉంది. రాయి తల దాటితే అదీ పోతుంది.

"నేల మీద కాలు ఆనకుండా నా గడప ఎక్కినవాడికే నా మంత్రం లొంగుతుంది. వస్తే రండి!" అని జడాసురుడు మైదానం దద్దరిల్లేలా అరిచాడు.

మహారాజు నాగవర్మ గుర్రాలను పంపించాడు. గిట్టలు అతుక్కుపోయాయి. యువరాజు పొడవాటి కర్రకాళ్ళు కట్టుకుని బయలుదేరాడు. మూడో అడుగుకే కర్రలు నేలలో పాతినట్టు నిలబడిపోతే, నడుముకు కట్టిన తాళ్ళతో ఆయన్ని వెనక్కి లాగవలసి వచ్చింది. ఆ తరువాత ఎవరూ ముందుకు రాలేదు.

ఆ డెబ్భై మందిలో మంత్రసాని గౌరమ్మ ఒకతి. పురుడు పోయడానికి పొరుగూరు వెళుతూ, మైదానంలో కాస్త దూరం పోగానే చిక్కుకుపోయింది. ఆమె కూతురు నూకరత్నానికి పదహారేళ్ళు. రోజూ సాయంత్రం మైదానం అంచున నిలబడి తల్లితో కేకలేసి మాట్లాడేది. ఒకరోజు ఉక్రోషం పట్టలేక చేతిలోని ఇత్తడి చెంబును మైదానంలోకి విసిరికొట్టింది. చెంబు దొర్లుకుంటూ దొర్లుకుంటూ చాలా దూరం పోయి, ఆగిన చోట అతుక్కుపోయింది.

నూకరత్నం కళ్ళు పెద్దవి చేసి చూసింది. దొర్లుతున్నంతసేపూ మంత్రం దాన్ని పట్టుకోలేదు! నడిచే కాలు ప్రతి అడుగుకీ ఒక్క క్షణమైనా నేల మీద ఆగుతుంది. దొర్లే చక్రం ఆగదు.

ఆమె ఒక్క పరుగున ఇంటికి వచ్చి తాత పైడయ్య ముందు నిలబడింది. పైడయ్య ఒకప్పుడు సైకిలు మీద రాజుగారి ఉత్తరాలు మోసిన మనిషి. ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి.

"తాతా, నీ సైకిలు నాకియ్యి."

"అది సచ్చిపోయి పదేళ్ళయ్యింది గుంటా. కోళ్ళు గుడ్లు పెడతన్నాయి దాని మీద."

పెరటి పాకలో విరిగిన మంచాల కింద పడి ఉన్న సైకిలును నూకరత్నం ఈడ్చి బయటికి తెచ్చింది. టైర్లు మట్టిలా రాలిపోయాయి. చైను ఒకే తుప్పు ముద్దయింది. చక్రం తిప్పబోతే కీచుమని మూలిగి ఆగిపోయింది. అయినా ఆమెకు ఆశ పుట్టింది. మూడు రోజుల్లో బాగుచేసేయొచ్చు అనుకుంది.

మూడు రోజులు గడిచాయి. పెడలు కాడను ఇరుసుకు బిగించే పిన్ను ఒక్కటైనా ఊడలేదు. కిరసనాయిలు పోసింది, నిప్పుల మీద కాచింది, సుత్తితో కొట్టింది. సుత్తి పిడి విరిగింది గానీ పిన్ను కదల్లేదు. బొటనవేలి గోరు నల్లబడింది.

"ఈయాల ఏటి సేసినావే?" అని సాయంత్రం తల్లి కేకేసి అడిగింది. రాయి ఆమె పిక్కల దాకా వచ్చింది.

"పిన్నుతోనే సరిపోయిందమ్మా!"

"నిన్నా అదే సెప్పినావు!"

"నిన్నా అదే ఊడలేదు మరి!" అని అరిచి, నూకరత్నం గిరుక్కున తిరిగి వచ్చేసింది. దారిలో తల్లి మీద కేకలేసినందుకు ఏడ్చింది.

తొమ్మిదో రోజున పిన్ను ఊడింది. ఆ సంతోషం పూట కూడా నిలవలేదు. చక్రం వంకర తీయబోతే కొత్త తంటా మొదలైంది. ఈ పక్క స్పోకు పుల్ల బిగిస్తే చక్రం ఎడమకు ఒరిగేది, ఆ పక్క బిగిస్తే కుడికి ఒరిగేది. రెండూ సరిచేస్తే పైకీ కిందికీ ఎగిరేది. నూకరత్నం విసుగెత్తి పానాను విసిరేసింది. అది పోయి మజ్జిగ కుండకు తగిలింది.

పైడయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. కుండ సంగతి ఎత్తలేదు. చక్రం ముందు చతికిలబడి, "అరచుట్టు తిప్పితే ఎలగే? పావుచుట్టు తిప్పు. తిప్పి సూడు. మళ్ళీ పావుచుట్టు," అన్నాడు.

ఆయన చెప్పడం, ఆమె తిప్పడం. ఇలా ఆరు రోజులు పట్టింది. కానీ అసలు జగడం ఆ తరువాత వచ్చింది. పొడగరి పైడయ్యకు కుదిరిన సైకిలు నూకరత్నానికి ఎక్కడ కుదురుతుంది? సీటు మీద కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకు అందడం లేదు. ఆమె ఆకురాయి తీసుకుని సీటు కడ్డీని కోయబోయింది.

"ఆగు!" అని పైడయ్య గద్దించాడు. "బాగుసెయ్యమన్నాను గానీ కొయ్యమన్నానా? ముప్పయ్యేళ్ళు దీని మీద కూకున్నాను నాను."

"నువ్వు కూకున్నావు తాతా. ఇప్పుడు కూకోవలసింది నేను. అందనిదాన్ని ఎలగ తొక్కమంటావు?"

ముసలాయన మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు మాట్లాడలేదు. నూకరత్నం పళ్ళు బిగించి కడ్డీ కోసింది, పెడళ్ళకు చెక్కలు బిగించింది, హ్యాండిలును కాచి తనవైపు వంచింది. మడ్‌గార్డులు, చైను మూత, స్టాండు బరువని విప్పి పారేసింది. ప్రతి ముక్కా విప్పుతున్నప్పుడు తాత పాక వెనక నుంచి దగ్గడం వినిపించేది.

ఇక టైర్లు కావాలి. నల్లకోన అడవిలో వెయ్యేళ్ళ కొండచిలువ ఉందనీ, దాని కుబుసం ముల్లు దిగనంత గట్టిదనీ వేటగాళ్ళు చెప్పారు. నూకరత్నం ఒకరోజంతా నడిచి దాని గుహ చేరుకుంది.

"కుబుసం ఇస్తాను," అంది కొండచిలువ. "నా వీపున ముల్లొకటి దిగి నూరేళ్ళయింది. చెయ్యి లేనిదాన్ని, తీసుకోలేను. తీసిపెట్టు."

దాని వీపు నలభై బారల పొడవు. ముల్లు ఎక్కడుందని అడిగితే, "అదుగో, అక్కడ... కాదు, ఇంకా కిందికి... కాదు కాదు, పైకి" అంటూ మధ్యాహ్నం దాకా సతాయించింది. చివరికి ముల్లు దొరికింది. కుబుసం తీసుకుని ఇంటికి వచ్చి, కొబ్బరి పీచు తాడు మీద చుట్టి చక్రానికి తొడిగింది. జానెడు తక్కువైంది! నూకరత్నం నేల మీద కూలబడి, రెండు చేతులతో నేలను గుద్దింది. మర్నాడు మళ్ళీ అడవికి పోయింది.

"ఎంత కావాలో కొలిచి రాకపోతే నేనేం చేసేది?" అంది కొండచిలువ. అయినా జాలిపడి, తోక వైపునున్న కుబుసం కూడా వదిలి ఇచ్చింది.

చక్రాల ఇరుసుల్లో తిరిగే ఉక్కు గుండ్లు సగం అరిగిపోయాయి. అదే అడవిలో తపస్సు చేసుకుంటున్న వల్కలముని మెడలో పంచలోహపు పూసల మాల ఉంది. నూకరత్నం ఆయన ముందు చేతులు జోడించి అడిగింది.

ముని కళ్ళు సగం తెరిచాడు. "బిడ్డా, ఓర్పు పట్టు. ఓర్పుతో సాధించలేనిది లేదు. ఈ చెట్టు కింద నలభై రోజులు కూర్చుని..."

అప్పటిదాకా దిగమింగుకున్నదంతా ఆమెకు ఒక్కసారిగా పొంగింది.

"స్వామీ! ముప్పై రోజులుగా ఓర్పే పడుతున్నాను. పిన్ను దగ్గర పట్టాను, చక్రం దగ్గర పట్టాను, పాము వీపు మీద పట్టాను. ఓర్పు పట్టమని చెప్పే వాళ్ళెవరికీ మెడదాకా రాయి రావటం లేదు. మా అమ్మకు వస్తోంది!"

ముని శపిస్తాడేమోనని ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. ఆయన కళ్ళు పూర్తిగా తెరిచి, ఆమె నల్లబడ్డ గోళ్ళనూ పగిలిన అరచేతులనూ చూశాడు. మాల తెంపి పూసలన్నీ ఆమె కొంగులో పోశాడు.

"చెప్పడానికి అలవాటు పడ్డాను తల్లీ. అడగడం మరిచిపోయాను. వెళ్ళిరా," అన్నాడు.

పూసలు ఇరుసుల్లో సరిగ్గా పట్టాయి. కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు వదిలించిన చైను మాత్రం వదులుగానే ఉంది. కొత్తది చేయించే వ్యవధి లేదు. మర్నాటి ఉదయం సైకిలును మైదానం అంచుకు నడిపించుకుపోయేసరికి పైడయ్య అక్కడ నిలబడి ఉన్నాడు. వణుకుతున్న చేతులతో చైనుకు ఆముదం రాశాడు.

"జారితే కంగారుపడకు," అన్నాడు. "కింది నుంచి పెడలు సక్రం పళ్ళకు తగిలించి, ముందుకు తొక్కు. ఆగకుండా సెయ్యాల. నాను ఒకసారి సేసినాను. రెండుసార్లు పడ్డాను."

ఊరి దారి మీద నుంచే ఊపందుకుని, నూకరత్నం మైదానంలోకి దూసుకుపోయింది. మంత్రం చక్రాలను పట్టుకోలేకపోయింది. ఆమె గుండె గాలిలో తేలిపోయింది. సరిగ్గా తల్లి నిలబడి ఉన్న చోటికి నూరు బారల దూరంలో కటుక్కుమని చప్పుడైంది. చైను జారింది.

పెడళ్ళు ఉత్తినే గిర్రున తిరిగాయి. ఇన్ని రోజులు, ఇన్ని తంటాలు పడితే చివరికి ఇక్కడా! నూకరత్నం వంగి చైను అందుకోబోతే సైకిలు తూలింది. వేగం తగ్గుతోంది. కోట గుమ్మంలో నుంచి జడాసురుడి నవ్వు వినిపించింది.

"ఆగవే పిల్లా, ఆగు! ఆగడంలో ఎంత సుఖముందో నీకూ తెలుస్తుంది!"

అప్పుడు తల్లి కేక వినిపించింది. "ఇటు రావే! నా మీదికి తిప్పు!"

రాయి గౌరమ్మ చంకల దాకా వచ్చేసింది. చేతులు మాత్రం ఇంకా చేతులుగానే ఉన్నాయి. సైకిలు దగ్గరికి రాగానే ఆమె రెండు చేతులూ చాచి, సీటు వెనక పట్టి, ఉన్న బలమంతా పెట్టి నెట్టింది.

"ఎనక్కి సూడకు! పో!"

సైకిలు ముందుకు దూకింది. ఆ ఊపు తగ్గే లోపల ఉప్పు బస్తాల వర్తకుడొకడు చేయి చాచాడు. "ఇటమ్మా, ఇటు!" అని నెట్టాడు. ఆ తరువాత గాజులమ్మి, ఆమె తరువాత ఇద్దరు అన్నదమ్ములు, ఆ తరువాత ఒక ముసలి భటుడు. ముప్పై అయిదు రోజులుగా కదలలేక, కుమిలిపోతూ నిలబడ్డ మనుషులు. వాళ్ళ చేతుల్లో ఎక్కడలేని బలం వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి అందించినట్టు నూకరత్నాన్ని దారి పొడవునా నెట్టుకుంటూ పోయారు.

నూకరత్నం వంగింది. చైను కింది నుంచి పళ్ళకు తగిలించింది. జారింది. మళ్ళీ తగిలించింది. వేలు నలిగి నెత్తురు వచ్చింది, చైను మళ్ళీ జారింది. "ఎక్కవే దిక్కుమాలినదానా!" అని తిట్టి మూడోసారి తగిలించి, పెడలు మీద గట్టిగా తొక్కింది. కటకటమని పళ్ళు చైనును పట్టుకున్నాయి.

ఇక ఆమె తొక్కిన తొక్కుడు చూసి జడాసురుడు నవ్వు మానేశాడు. గుమ్మంలో లేచి నిలబడి, దారికి అడ్డంగా చేతులు చాచాడు. "ఆగు! ఆగమంటున్నానా!"

"ఆగను!" అంది నూకరత్నం.

బ్రేకు నొక్కే ఆలోచన కూడా ఆమెకు రాలేదు. సైకిలు ముందు చక్రం నేరుగా వచ్చి రాక్షసుడి బొజ్జకు తగిలింది. వాడు గిరగిర తిరుగుతూ గుమ్మం మీద నుంచి తన మైదానంలోనే పడ్డాడు. ఆమె హ్యాండిలు మీదుగా ఎగిరి, నేల మీద కాలు ఆనకుండానే కోట గడప మీద పడింది. జడాసురుడు లేవబోయాడు. కాళ్ళు రాలేదు. నేల మీద ఆనించిన చేతులూ రాలేదు. వాడి మంత్రం వాడినే పట్టుకుని, రెప్పపాటులో కొండంత వాడిని కొండరాయిని చేసింది. వాడితోపాటే మైదానం మీది మంత్రం వీగిపోయింది.

దారి పొడవునా అరుపులు వినిపించాయి. మనుషులు కాళ్ళు ఎత్తి చూసుకుంటున్నారు. కొందరు రెండడుగులు వేసి కూలబడి, కూలబడ్డ చోటే నవ్వుతున్నారు.

నూకరత్నం సైకిలు నడిపించుకుంటూ, దారిలోని వాళ్ళందరినీ వెంటబెట్టుకుని తల్లి దగ్గరికి తిరిగి వచ్చేసరికి, మహారాజు నాగవర్మ మేళతాళాలతో, పల్లకీలతో అక్కడికి వచ్చాడు. నూకరత్నాన్ని రాజ్యంలోని దారులన్నిటికీ అధికారిణిగా అక్కడికక్కడే ప్రకటించాడు. పైడయ్య మాత్రం ఆమె వైపు రాలేదు. గీతలు పడ్డ సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, పొట్టి సీటు కడ్డీని వేలితో తడిమి, "బాగానే కోసినావు," అన్నాడు. ఆ మాటకు నూకరత్నం అంతసేపూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.

రాజుగారు గౌరమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. పల్లకి ఎక్కండి," అన్నాడు.

గౌరమ్మ కూతురి భుజం పట్టుకుని ఒక పాదం ఎత్తింది. ముందుకు వేసింది. రెండోది ఎత్తింది.

"వద్దు బాబూ," అంది. "నాను నడుత్తాను."

ఆమె నడిచింది. ఆమె వెనక ఉప్పు వర్తకుడు, గాజులమ్మి, అన్నదమ్ములు, ముసలి భటుడు, మిగతా అందరూ నడిచారు. పల్లకీలు ఖాళీగా వెంట వచ్చాయి. ఆ మిగిలిన కాస్త దూరం దాటి ఊరు చేరేసరికి పొద్దు గుంకింది. అయినా ఆ రోజు ఎవరూ ఒక పట్టాన ఇంట్లో కూర్చోలేదు. వీధుల వెంట అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.