పిల్లిని చంపిన మాస్టారు

రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టు తలుపు సందులో మొదట ఒక స్క్రూడ్రైవర్ కనిపించింది. తర్వాత ఒక బూటు. ఆ తర్వాత ఒక గొంతు వినిపించింది.

"లోపల ఎవరైనా ఏడుస్తున్నారా?"

"ఏడవట్లేదండీ, కోపంగా ఉన్నాను," అన్నాడతను.

"అయితే పర్లేదు. ఏడ్చేవాళ్లకే తొందర."

తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఉన్న మెకానిక్‌ని చూసి అతను కోపం సంగతే మరిచిపోయి నోరెళ్లబెట్టాడు. లిఫ్టులు బాగుచేసేవాళ్లకి మీసాలుంటాయని ఎందుకో అతని నమ్మకం. ఈ అమ్మాయికి మోచేతుల దాకా గ్రీజు, చెవి వెనక పెన్సిలు, ఆపుకున్నా ఆగని నవ్వు ఉన్నాయి.

"ఆ సంచీని అలా వాటేసుకున్నారేంటి? ఏముంది అందులో?"

"కోట."

"ఏంటీ?"

"కోటండీ. ఇద్దరు రాజులు, ఒక కపటి మంత్రి, బోలెడన్ని సొరంగాలు. మా అక్కా బావా ఇవాళ అందులోకి వెళ్లాలి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "లోపల గాలి ఆడలేదా?"

తనకి పిచ్చి లేదని నిరూపించుకోవడానికి ఆమెని పై అంతస్తులో ఉన్న అక్క ఇంటికి తీసుకెళ్లక తప్పలేదు. చేతులు కడుక్కునే వంకతో ఆమె లోపలికొచ్చింది. డైనింగ్ టేబుల్ మీద మ్యాపులు, బొమ్మలు, బిస్కెట్లు చూసి, ఎవరూ అడక్కముందే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆట చాలా తేలిక. గేమ్ మాస్టర్ కథ చెబుతాడు. ఎదురుగా కోట ఉంది, వాన పడుతోంది, కాపలావాడు ఉన్నాడు అంటాడు. ఆడేవాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి, తామేం చేస్తారో చెబుతారు. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, ఒకటి పడితే కొంప మునిగినట్టు. ఆ ఇంట్లో మాస్టారు సంచీ మోసుకొచ్చిన తమ్ముడే; డైస్ వేసే హక్కూ అతనొక్కడిదే. ముందు ఒక అట్ట తెర నిలబెట్టుకుని, దాని వెనక వేసి, ఏం జరిగిందో చెప్పేవాడు.

అతని ఉద్యోగం బస్సు డిపోలో టైమ్ టేబుల్ వేయడం. ఏ బస్సు ఎప్పుడు ఎక్కడుండాలో ముందే రాసిపెట్టే మనిషి ఆటని గాలికి వదిలేస్తాడా? అడుగడుగూ రాసుకునే వచ్చేవాడు. అక్క మంత్రగత్తె. పశువుల డాక్టరైన బావ ఆటలో మాత్రం కనిపించినవాణ్ణల్లా నరికే కత్తివీరుడు. ఇద్దరూ బుద్ధిగా మాస్టారు గీసిన గీత మీదే నడిచేవాళ్లు.

కొత్తగా చేరిన మెకానిక్ 'పిల్లి' అనే దొంగ పాత్ర తీసుకుంది.

"ఎదురుగా కోట తలుపు, పక్కనే కాపలావాడు. దాని మీద ఒక పొడుపుకథ చెక్కి ఉంది," అన్నాడు మాస్టారు గర్వంగా. ఆ పొడుపుకథ కోసం అతను చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

"నేను వెనక్కి తిరిగి ఊళ్లోకి వెళ్తా. ఆ కాపలావాడి భార్యతో మాట్లాడాలి."

"కాపలావాడికి భార్య లేదండీ!"

"ఎందుకు లేదు? పాపం!"

బావకి బిస్కెట్ గొంతుకి అడ్డం పడింది. అక్క పడీ పడీ నవ్వింది. మాస్టారికి చెమటలు పట్టాయి. ఆ భార్యని అప్పటికప్పుడు పుట్టించాల్సి వచ్చింది. పుట్టించాక ఆవిడకి రాజు మీద పగ ఉందని తేలింది, ఆవిడ దగ్గర కోట తాళాలు ఉన్నాయని తేలింది. సాయంత్రానికి అతను రాసుకున్నదంతా చెత్తబుట్ట పాలైంది. అంత బాగా ఆట ఎప్పుడూ సాగలేదు.

ప్రేమ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం కానీ, మోసం ఎక్కడ మొదలైందో చెప్పొచ్చు. ప్రతి ఆదివారం పిల్లి గోడలెక్కేది, కప్పుల మీద పరిగెత్తేది, ఎవరూ వెళ్లొద్దన్న గదిలోకే వెళ్లేది. తెర వెనక డైస్ ఒకసారి రెండు చూపించేది, ఇంకోసారి మూడు. మాస్టారు గుండె రాయి చేసుకోవాల్సింది పోయి, గొంతు సవరించుకుని "పదహారు! దాటేశావు!" అనేవాడు. అవతల ఆమె చప్పట్లు కొడుతుంటే అతనికి కడుపు నిండిపోయేది. పైగా ఆ పిల్లి తప్పిపోయిన యువరాణి అని, చివర్లో సింహాసనం ఎక్కుతుందని రహస్యంగా కథంతా అల్లేశాడు కూడా.

ఒక ఆదివారం బయట జోరున వాన. పిల్లి జైలు గోడ దూకుతానంది. మాస్టారు డైస్ వేశాడు. ఒకటి. కొంప మునిగింది.

"పదిహేడు!" అని అరిచాడు. "అబ్బ, ఏం దూకుడు!"

చప్పట్లు వినపడలేదు. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. మంచినీళ్ల కోసం లేచిన మనిషి, గ్లాసుతో సరిగ్గా అతని వెనకే నిలబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"అది... నీకు దెబ్బ తగిలితే..."

"ఎన్నాళ్ల నుంచి, మాస్టారూ?"

"మొదటి నుంచీ."

అక్క చేతిలోని పెన్ను కింద పడింది. బావ నమలడం ఆపేశాడు.

"అంటే నేను గెలిచినవేవీ నేను గెలవలేదు," అంది ఆమె. "రోజంతా లిఫ్టుల్లో చూసిన బోల్టే మళ్లీ చూస్తాను. అక్కడ ఎవరూ పడకూడదు. ఇక్కడికి ఎందుకొస్తానో తెలుసా? ఇక్కడ పడొచ్చు కాబట్టి. అది కూడా లేకుండా చేశావు."

గ్లాసు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. లిఫ్టు మెకానిక్ మెట్లు దిగి వెళ్లిందంటే ఎంత కోపమో ఊహించుకోండి.

"ఒరేయ్," అంది అక్క తేరుకుని, "ఆ పిల్లని ప్రేమిస్తున్నావా, బస్సులా తోలుతున్నావా?"

"పడితే బాధపడుతుందని, అక్కా..."

"పడనీరా. ఆ బాధ తనది. నువ్వెవరివి లాక్కోడానికి?"

ఆమె లేని ఆదివారాలు తలుచుకుంటే అతనికి ముద్ద దిగలేదు. చివరికి ఆమె పనిచేస్తున్న భవనానికి వెళ్లాడు. ఆగిన లిఫ్టు పైకప్పు మీద కూర్చుని ఆమె తాళ్లకి నూనె పెడుతోంది. తెరిచిన తలుపులోంచి అతను తల పెట్టి పైకి కేకేశాడు.

"తెర తీసేస్తాను! ఇకనుంచి నీ డైస్ నువ్వే వేసుకో!"

"పిల్లి చచ్చిపోతే?"

అతను తలుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"చచ్చిపోతుంది."

"తల వెనక్కి తీయండి, ప్రమాదం," అంది ఆమె. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

ఆదివారం వచ్చింది. ఆమె కూడా వచ్చింది. టేబుల్ మీద తెర లేదు. పిల్లి బురుజు చివర నిలబడింది. కింద నది. అవతలి గోడకి వేలాడుతూ బావగారి కత్తివీరుడు.

"దూకి అతనికి తాడు అందిస్తాను," అంది ఆమె.

మాస్టారు డైస్ ఆమె అరచేతిలో పెట్టాడు. అది టేబుల్ మీద దొర్లింది, మ్యాపు దాటింది, బిస్కెట్ల ప్లేటుకి తగిలి ఆగింది.

ఒకటి.

యువరాణి, సింహాసనం, అతను అల్లుకున్న కథంతా ఆ అంకె కింద పడి నలిగిపోయింది. గాలి వీచిందనొచ్చు. కొమ్మ అడ్డొచ్చిందనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. అతను మింగేశాడు.

"పిల్లికి గోడ అందలేదు," అన్నాడు. "ఎలా పడిందో నువ్వే చెప్పు."

ఆమె కళ్లెత్తి చూసింది. ఆ మాట ఆమె ఊహించలేదు.

"తాడు విసిరేసి పడింది," అంది మెల్లగా. "అది అతనికి అందిందో లేదో చూస్తూ, నవ్వుతూ పడింది."

"అందింది," అన్నాడు మాస్టారు.

రోజూ గేదెలకి సూదులు పొడిచే బావ వెక్కి వెక్కి ఏడవడం మొదలెట్టాడు. "హంతకుడా!" అని అక్క తమ్ముడి వీపు మీద చరిచింది. మెకానిక్ మాత్రం లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది. అతను గాభరాగా వెంట నడిచాడు. ఆమె భుజాలు అదురుతున్నాయి. ముందుకెళ్లి చూస్తే, కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"చంపేశావు, మాస్టారూ."

"చంపేశాను."

"నీ మొహం చూశాను. పిల్లి కంటే ముందు నువ్వే పోయేట్టున్నావు."

"ఒకటి చెప్పాలి. ఎలా చెప్పాలో రాసుకోలేదు," అన్నాడతను. "నువ్వంటే నాకు ప్రేమ. నువ్వేమంటావో నాకు నిజంగా తెలీదు. కాదన్నా సరే, ఆదివారం నీ కుర్చీ నీదే."

ఆమె రెయిలింగ్‌కి ఆనుకుంది. "పోయిన ఆదివారం కోపంగా ఇంటికెళ్లి మా అమ్మతో అనేశాను, ఒకడు నన్ను చావనివ్వట్లేదమ్మా అని."

"అయ్యో! ఆట అని చెప్పలేదా?"

"చెప్పనిస్తేగా! కళ్లు తుడుచుకుని, 'అలాంటివాడు దొరకడమే అదృష్టం, ఇంటికి తీసుకురావే' అంది. అప్పట్నుంచి రోజూ అదే గోల. నాకూ కాదనాలని అనిపించలేదు. ఇవాళ తీసుకొస్తానని చెప్పేశాను."

"ఇవాళా!"

"ఇప్పుడేమో చంపేశావు. ఆవిడకేం చెప్పను?"

కాదనాలని అనిపించలేదంటే అవునన్నట్టే కదా! తలుపు వెనక నుంచి అక్క "వెళ్లరా!" అని గుసగుసగా అరిచింది. బావ ముక్కు చీదాడు.

"మీ అమ్మగారు ఏమేం అడుగుతారో కాస్త ముందే చెబితే..." అంటూ అతను చొక్కా జేబు తడుముకున్నాడు.

"చెప్పను," అని ఆమె చెయ్యి చాచింది. "రా."

జేబులో ఒక్క కాగితం కూడా లేకుండా అతను ఆమె వెంట బయల్దేరాడు.