కూర్చునే రబ్బరు

పదిన్నరకల్లా బస్సు కూర్చుంది.

తెల్లవారుతూనే మారేడుమిల్లిలో బయలుదేరిన బస్సు అది. గోకవరం దాటిన మలుపులో రోడ్డు వేడి అరవై రెండు డిగ్రీలకు చేరింది. ఆరు టైర్లూ ఒకేసారి మెత్తబడ్డాయి. పేలుడు లేదు, కుదుపు లేదు. ఎండకు నడవలేని గేదెలా బస్సు రోడ్డు పక్కన చతికిలబడింది. ప్రయాణికులెవరూ కంగారు పడలేదు. చాపలూ నీళ్ల సీసాలూ పట్టుకుని దిగి, మెట్లదారిన నేల కింది నీడసాలలోకి వెళ్లిపోయారు. 2091లో రాష్ట్రంలో ఏ బస్సయినా అంతే. పదిన్నరకు కూర్చుంటుంది. సాయంత్రం అయిదింటికి టైర్లు చల్లబడి బిగిశాక లేస్తుంది.

"అంతా ప్రభుదాసుగారి చలవ," అన్నాడొక ముసలాయన చాప పరుచుకుంటూ. "ముప్పై ఏళ్లు పరిశోధన చేశాడంట. ఒక్క టైరుని నిలబెట్టలేకపోయాడు మహానుభావుడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రత్నావళి మాత్రం తల దించుకుంది. ప్రభుదాసు మాస్టారు రబ్బరు పరిశోధన కేంద్రంలో ఆమెకు గురువు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చున్నది ఆమే. గురువుగారి మీద జోకులు వినడం ఉద్యోగంతోపాటు సంక్రమించింది.

ముసలాయన అక్కడితో ఆగలేదు. తన చిన్నతనంలో మ్యాట్నీ అనే ఆట ఉండేదట. సరిగ్గా రెండున్నరకు మొదలయ్యేదట. ఎండలో లైన్లో నిలబడి టికెట్టు తెంపించుకుని, చీకటి హాల్లోకి అడుగు పెడితే ప్రాణం లేచి వచ్చేదట. "మధ్యాహ్నం అనేదొకటి ఉండేదయ్యా," అని ఆయన నిట్టూర్చాడు. పిల్లలు వింతగా చూశారు.

"విన్నావా చెల్లీ?" అంటూ డ్రైవరు పండురెడ్డి వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను రత్నావళికి సొంత అన్న. "మా బస్సుని ఎప్పుడు లేపుతావే? చదువంతా చదివావు."

"లేపుతా అన్నా. వచ్చే వేసవికి."

"అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో!"

వాళ్లమ్మ రబ్బరు తోటలో పాలు గీసేది. చీకటితోనే వెళ్లి చెట్లకు గాటు పెట్టి, పది దాటాక పాలు పోగుచేసి అప్పగించి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. చేతులు పాలు గడ్డకట్టడానికి వేసే యాసిడ్ వాసన వేసేవి. ఆ చేతులతోనే వెదురుకొమ్ముల కూర కలిపి ఇద్దరికీ ముద్దలు పెట్టేది. గాటు మీద ఎండిపోయిన రబ్బరు తీగలను ఒలుచుకొచ్చి, ఒకదాని మీద ఒకటి చుట్టి బంతి చేసిచ్చేది. ఆ బంతి కొడితే ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అమ్మ వాళ్లిద్దరికీ దొరికేది ఆ మధ్యాహ్నాలలోనే. తర్వాత ఎండలు ముదిరాయి, మధ్యాహ్నాలు మూతపడ్డాయి, అమ్మా పోయింది. రత్నావళి రబ్బరు శాస్త్రం చదవడానికి కారణం ఏమిటని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఆమె పాలిమర్ల గురించి ఏదో చెప్పింది గానీ, అసలు కారణం ఇది.

సమస్యను సులువుగానే చెప్పుకోవచ్చు. భూమిలో చమురు అడుగంటాక, దాంతో తయారయ్యే కృత్రిమ రబ్బరూ పోయింది. మిగిలింది చెట్టు పాలే. చెట్టు రబ్బరులోని అణువులు ఉడికిన సేమ్యాలా చిక్కుపడిన పొడుగాటి పోగులు. గంధకంతో వాటికి ముడులు వేస్తే సాగి మళ్లీ వెనక్కి వస్తాయి. వేడి పెరిగితే ఆ ముడులు సడలుతాయి. అందుకని ప్రభుదాసు అందులో ఊకబూడిద నుంచి తీసిన సిలికానూ, వెదురు నుంచి తీసిన నానోపోగులనూ కలిపాడు. ఈ మిశ్రమంలో కొన్ని బంధాలు ముందుగా తెగిపోయి, ఒత్తిడిని తాము మింగి, మిగతావాటిని కాపాడతాయి. వాటికి ఆయన 'బలిబంధాలు' అని పేరు పెట్టాడు. చల్లబడగానే అవి మళ్లీ అతుక్కుంటాయి. బలంలో ఆ రబ్బరుకు సాటి లేదు. అరవై రెండు డిగ్రీల దాకా మాత్రమే.

పరిశోధన కేంద్రంలో 'నికష' అనే యంత్రం ఉంది. రబ్బరు ముక్క ఇస్తే లాగి, కాల్చి, కరిగించి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతుంది.

"మాస్టారి మిశ్రమంలో నూటికి నాలుగు పాళ్లు తేనెమైనం ఉంది. ఎందుకు?" అని రత్నావళి ఒక ఉదయం అడిగింది.

"గాలి తగిలి పగుళ్లు రాకుండా, అని ఆచార్య ప్రభుదాసు నమోదు చేశారు," అంది నికష. "రబ్బరు పనిలో మైనం వాడకం పాత అలవాటే."

"తేనెమైనం ఎన్ని డిగ్రీలకు కరుగుతుంది?"

"దాదాపు అరవై రెండు."

రత్నావళి చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. మైనం కరిగి సిలికా రేణువుల చుట్టూ జారుతోంది. బలిబంధాలన్నీ ఒక్కసారే పట్టు వదిలేస్తున్నాయి. ఇంత చిన్న సంగతి ముప్పై ఏళ్లపాటు అంత పెద్దాయనకు తట్టలేదా? పాపం, పాత అలవాటు కళ్లు కప్పేసింది కాబోలు అనుకుంది. మైనం తీసేసి, పగుళ్లు రాకుండా కానుగగింజల నుంచి తీసిన సారం వేసింది. కొత్త ముక్క నూట నలభై డిగ్రీల దాకా బిగువు సడలకుండా నిలబడింది.

మరుసటి వేసవిలో ఆ ఒక్క దారిలోనే నలభై బస్సులకు కొత్త టైర్లు వేశారు. మూడు నెలలు ప్రయోగం. చివర్లో రత్నావళి తుది నివేదిక ఇస్తే, రాష్ట్రమంతటా అవే టైర్లు.

మొదటి రోజు పదిన్నరకు బస్సు కూర్చోలేదు. పదకొండైంది, పన్నెండైంది, బస్సు పోతూనే ఉంది. లోపల జనం కేకలు, ఈలలు. ఎవరో పులిహోర పంచారు. ఒంటిగంట ఎండలో గోదావరి తళతళలాడుతుంటే, ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని ఆ వేళ చూసిన ఒకావిడ కిటికీకి నుదురు ఆనించి ఏడ్చేసింది. పండురెడ్డి స్టీరింగు మీద చెయ్యి చరిచి, "చూశావా మా చెల్లి తడాఖా!" అని బస్సంతా వినబడేలా అరిచాడు. రత్నావళికి కూడా కళ్లు చెమర్చాయి. అమ్మ చేతి యాసిడ్ వాసన ఆ క్షణాన నిజంగా తగిలినట్టే అనిపించింది.

పండగ పది రోజులు సాగింది. పదకొండో రోజున డ్యూటీ చార్టులు మారాయి. బండి ఆగనప్పుడు డ్రైవరు మాత్రం ఎందుకు ఆగాలి? ఉదయం నాలుగు నుంచి సాయంత్రం ఆరు దాకా ఒకే డ్యూటీ అన్నారు. బస్సులు తిరుగుతున్నాయి కదా అని ఇటుకబట్టీలు మధ్యాహ్నం తెరిచారు, రోడ్డు పనులు తెరిచారు. మిట్టమధ్యాహ్నం పని చేయించరాదన్న చట్టం ఉండనే ఉంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఎవరూ చదవనూ లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది జనం పని. ఇక మ్యాట్నీకి వెళ్లే తీరిక ఎవరికుంది?

నలభై మూడో రోజు ఒంటిగంట ఇరవైకి పండురెడ్డి స్టీరింగు మీద వాలిపోయాడు. బస్సు పొలంలోకి దిగి బురదలో ఆగింది. ప్రయాణికులకు దెబ్బలు తగిలాయి గానీ ప్రాణాలు పోలేదు. అతన్ని రంపచోడవరం ఆసుపత్రిలో మంచు దుప్పట్ల మధ్య పడుకోబెట్టారు. రెండో రోజుకు కళ్లు తెరిచాడు.

"టైరుకేం కాలేదు చెల్లీ," అన్నాడు ముందుగా. నాలుక తిరగడం లేదు. "గట్టిగా నిలబడింది. నేనే... కళ్లు చీకట్లు కమ్మేసినాయి."

"మాట్లాడకు అన్నా."

"ఉద్యోగం తీసేత్తారంట గదా?"

అది నిజమే. విచారణ కమిటీ అప్పటికే తేల్చేసింది. టైర్లు నిర్దోషులు, డ్రైవరు అజాగ్రత్త. ప్రమాదం మీద రత్నావళి నివేదిక ఒక్కటి చేతికొస్తే సంతకాలైపోతాయి.

అక్కడి నుంచి ఆమె నేరుగా మాస్టారింటికి వెళ్లింది. ప్రభుదాసు వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నాడు. ఎనభై దాటినా చేతులు వణకడం లేదు. ఆమె ముఖం చూసి, పీట జరిపాడు.

"మైనం తీసేశావు గదమ్మాయ్," అన్నాడు.

రత్నావళి పీట మీద కూర్చుంది. "మీకు తెలుసా మాస్టారూ?"

"తొమ్మిదో ఏడే నిలబడింది టైరు. నూట నలభై దాకా. ఆ సాయంత్రమే మైనం కలిపాను."

"ఎందుకు?"

"ఉద్యోగంలో చేరకముందు రోడ్లు వేసేవాణ్ని. విదేశీ టైర్లుండేవి అప్పుడు, ఎంత ఎండకైనా తిరిగేవి. చట్టం అప్పుడూ ఉంది. ఒక్క వారంలో పదకొండు మందిని తారుడబ్బాల పక్క నుంచి ఎత్తుకెళ్లాం. చట్టానికి లంచం ఇవ్వొచ్చు. ఇన్స్పెక్టరుకి ఇవ్వొచ్చు. మైనానికి ఎవడిస్తాడు చెప్పు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పెదవి దాటితే పృథివి దాటుతుంది. అసమర్థుడన్న పేరు నాకొక్కడికే వస్తుంది, రానీలే అనుకున్నా. నువ్వింత మంచి శిష్యురాలివవుతావని అనుకోలేదు." ఆయన నవ్వాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఈ మనిషిని చూసి జాలిపడినందుకు సిగ్గేసింది.

"జరిగింది జరిగినట్టు రాస్తాను మాస్టారూ. వేడికి మనిషి పడిపోయాడని రాస్తే ఆపరా?"

"మనిషి పడిపోతే ఇంకో మనిషిని ఎక్కిస్తారమ్మాయ్. టైరు పడిపోతేనే బండి ఆపుతారు."

లేచి లోపలికెళ్లి, పాత డబ్బాలోంచి గుప్పెడు మైనం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఎవరో ఒకరు మళ్లీ కనిపెడతారు. అప్పటిదాకానన్నా బతుకుతారు కదా నాలుగు ప్రాణాలు," అన్నాడు.

మర్నాడు ఉదయం రత్నావళి తలుపు వేసుకుని ఒక మిశ్రమం కలిపింది. ఉడికించి, ముక్క కోసి, ప్రమాదానికి గురైన టైరు నుంచి తీసిన నమూనా అని చీటీ అంటించి నికషకు ఇచ్చింది. పదిహేనేళ్ల ఉద్యోగంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది. రాస్తుంటే చెయ్యి ఆగింది. ఆసుపత్రి మంచంలో అన్న పెదవులు గుర్తొచ్చాయి. చెయ్యి మళ్లీ కదిలింది.

పదకొండున్నరకు ఫలితం వచ్చింది.

"నమూనా అరవై రెండు డిగ్రీల దగ్గర పట్టు వదిలింది," అంది నికష. "ఇందులో తేనెమైనం ఉంది. మీ మిశ్రమంలో మైనం లేదు కదా?"

"తయారీలో కలిసింది."

"ఎన్ని టైర్లలో?"

"తెలియదు. కొన్నింట్లో ఉండొచ్చు, కొన్నింట్లో లేకపోవచ్చు."

"అలాగైతే ఏ టైరునూ నమ్మలేం."

"నమ్మలేం."

"నూట నలభై డిగ్రీల ఫలితం చెల్లదు. నలభై బస్సుల టైర్లూ వెనక్కి తీసుకోవాలి. పాత మిశ్రమమే కొనసాగుతుంది. ఒక్క టైరే మెత్తబడి బస్సును పక్కకు లాగింది కాబట్టి డ్రైవరు పండురెడ్డి నిర్దోషి." యంత్రం ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. "నివేదిక సిద్ధం. ప్రమాదానికి బాధ్యులు అన్న చోట ఖాళీ ఉంది."

కిటికీ అవతల కరుగుతున్న రోడ్డు మీద ఒక బస్సు వెళుతోంది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో తడిగుడ్డ నెత్తిన పిండుకుంటున్నాడు.

"ఎవరి పేరు రాయమంటారు?"

"పల్లాల రత్నావళి," అంది ఆమె. "కారణం, అసమర్థత అని రాయి."