శక్తినగర్ నుంచి వచ్చిన పెట్టె

"మేఘా! బ్లోయర్ ఆపు! ఆపే!"

మెట్ల మీది నుంచి పృథ్వి బావ అరిచిన అరుపుకు నా చేతిలోని బ్లోయర్ జారి పడబోయింది. ఆయన రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు. సగం చాయ్ చొక్కా మీదే ఒలికింది, అయినా ఆయనకు ఆ ధ్యాసే లేదు. నన్ను చూడటం లేదు. నా ముందు మూత విప్పి పెట్టిన కంప్యూటర్ పెట్టెనే చూస్తున్నాడు.

"నేనొచ్చేదాంక ఆగలేకపోయినవా?"

"దుమ్మే కద బావా, దులుపుతున్న. గింత బూడిద ఎట్ల పట్టింది దీనికి?"

బావ గ్లాసులు కింద పెట్టి, "శక్తినగర్ కాలనీ నుంచి తెచ్చిన పెట్టె. బూడిద గాకపోతే బంగారం ఉంటదా?" అని నవ్వాడు. ఆ నవ్వు ఎవరో బలవంతం చేస్తే నవ్వినట్టు ఉంది.

నేను నమ్మాను. మా రాయచూరులో ఎవరైనా నమ్ముతారు. థర్మల్ ప్లాంటు పక్క నుంచి ఏది వచ్చినా దాని మీద ఇంత బూడిద ఉండాల్సిందే. ఆ ప్లాంటు పక్కనే దేవసూగూరులో ఉండే మా పెద్దమ్మ పచ్చడి జాడీ పంపినా, ముందు మూత మీది బూడిద తుడిచే తీస్తాం. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కానీ ప్లాంటు బూడిద సిమెంటు రంగులో ఉంటుంది. ఇది తెల్లగా ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో మెల్లగా తేలుతుంటే, వెన్నెల పొడి చేసి చల్లినట్టు ఎంత అందంగా ఉందో! నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పెదవి తడుపుకుంటే ఉప్పగా తగిలింది. సన్నటి ఇసుక లాంటిది పళ్ల కింద నలిగింది. కింద నాయన దుకాణంలోని పత్తి విత్తనాల మందు వాసన ఎప్పుడూ ఈ గదిని వదలదు. ఇప్పుడు దాన్ని మించి కర్పూరం వాసన వచ్చింది.

"నోరు కడుక్కో పో," అన్నాడు బావ.

"కడుగుతా గని, దీన్ని ఎవరమ్మిన్రు చెప్పవా?"

"ఎవరో లే. నీకెందుకు?"

పృథ్వి బావ మా మేనమామ కొడుకు. స్టేషన్ రోడ్డులో సెల్ ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. నాకు టెన్త్ తర్వాత చదువు సాగలేదు. నాకున్నదల్లా నా కుడిచెయ్యే. బిల్లు కాగితాల వెనక బొమ్మలు వేసుకుంటూ పెరిగాను. బెంగళూరులో ఆటలు తయారు చేసే కంపెనీ ఒకటి నా బొమ్మలు చూసి, కంప్యూటర్ మీద వేసిన బొమ్మ ఒకటి ఈ రాత్రికల్లా పంపమంది. నచ్చితే ఇంటి నుంచే పని. నచ్చకపోతే రేపటి నుంచి దుకాణంలో కూర్చోవాలన్నది నాయన మాట.

కొత్త కంప్యూటర్ మా వల్ల కాదు. అందుకే బావ ముక్క ముక్క ఏరుకొచ్చాడు. మానిటర్ ఏదో ఆఫీసులో తీసేసింది. ర్యామ్ ఒకరి దగ్గర, ప్రాసెసర్ ఇంకొకరి దగ్గర. కరెంటిచ్చే డబ్బా ఒక్కటి మాత్రం కొత్తది. "దీంట్ల కక్కుర్తి పడితే మొత్తం కాలిపోతది," అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు దొరకడమే కష్టమైంది. చివరికి మొన్న శక్తినగర్ పోయి, కార్డు లోపలే ఉన్న ఈ పెట్టె, బొమ్మలు వేసే పలక, దాని పెన్ను, అన్నీ ఒకేసారి తెచ్చాడు. ఇంత మంచి సామాను మాకున్న పైసలకు ఎట్ల వచ్చిందని అడిగితే మాట మార్చాడు.

సాయంత్రానికి అన్నీ బిగించాడు. బటన్ నొక్కగానే కార్డు ఫ్యాన్ గిర్రుమంది. నేను చప్పట్లు కొట్టాను. బావ కొట్టలేదు.

నా ఆటలో ఒక పిల్ల ఒంటరిగా పుట్టి పడవలో కూర్చుని కృష్ణ దాటుతుంది. అదే వేద్దామని పెన్ను పట్టుకున్నాను.

గీత ఎంత నునుపుగా వచ్చిందో! నది వచ్చింది. గుండ్రటి పుట్టి వచ్చింది. అవతలి గట్టున రాళ్లు, రాళ్ల మీద తడి... నేను ఎన్నడూ వేయలేని తడి. నా గుండె పొంగిపోయింది. ఇన్నాళ్లూ నా లోపల దాక్కున్నది ఈ చెయ్యే కాబోలు అనుకున్నాను. బెంగళూరు వాళ్లు ఇంకేం మాట్లాడతారు!

"మేఘా," బావ గొంతు మెల్లగా వచ్చింది. "నువ్వు ఎడమచేతివాటం ఎప్పటి నుంచి?"

చూసుకున్నాను.

పెన్ను ఎడమచేతిలో ఉంది.

కుడిచెయ్యి నా ఒడిలో పడి ఉంది. వేళ్లు కదిలించబోయాను. కదల్లేదు. గిల్లాను... ఎవరిదో చెయ్యి గిల్లినట్టే ఉంది.

"బావా, నా చెయ్యి..."

అప్పుడే కరెంటు పోయింది. ఇంత కరెంటు మా జిల్లాలోనే పుడుతుంది, అయినా కోతలు తప్పవు. బజారంతా ఒక్కసారి చీకటైంది. కింద నాయన, "యంకప్పా, లైటు ముట్టియ్!" అని పనివాణ్ణి కేకేశాడు.

మా గది మాత్రం చీకటి కాలేదు.

మానిటర్ వెలుగుతూనే ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. బావ తడుముకుంటూ పోయి గోడకున్న ప్లగ్గు పీకాడు. వైరు ఆయన చేతిలో వేలాడుతోంది...

గిర్ర్... గిర్ర్...

నా ఎడమచెయ్యి ఆగలేదు. పుట్టిలో పిల్లకు జడ వేస్తోంది. నేను అనుకున్న పిల్లకు జడ లేదు. ఎర్ర రిబ్బను కూడా. నేను అనుకోలేదు. ఆపుదామని చూస్తున్నా... ఆగదు. కర్పూరం వాసన గొంతులో నుంచి వస్తోంది. బయటి నుంచి కాదు. నా ఊపిరిలో నుంచి.

"బావా, ఆపు దీన్ని... నా చెయ్యి పట్టుకో..."

ఆయన దగ్గరికి రాలేదు. నాకు ముల్లు గుచ్చుకున్నా చూడలేని మనిషి. ఇప్పుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరికీ వినబడొద్దన్నట్టు పిలిచాడు.

"హేమా?"

"బందె అప్పా."

ఆ మాట నేనే అన్నాను. వస్తున్నా నాన్నా అని, కన్నడంలో. మా ఇంట్లో ఎవరూ అప్పా అనరు. నాయనా అంటాం.

రెండు చేతులతో నోరు మూసుకోబోయాను. ఒక్క చెయ్యే లేచింది. అది కూడా మళ్లీ పలక మీదికే పోయింది.

"హేమ ఎవరు బావా?"

ఆయన తెర మీది జడనే చూస్తున్నాడు.

"నీకు దండం పెడత. ఎవరు చెప్పు..."

"ఈ పెట్టె ఇచ్చిన కనకప్ప బిడ్డ," అన్నాడు. "ఆయన ప్లాంటుల పనిచేసి రిటైరైన మనిషి. ఈ పెట్టె ఆ పిల్ల సొంతంగ బిగించుకున్నది. జ్వరంల కూడ బొమ్మలేసుకుంటనే పోయిందట. ఎడమచేత్తోటి. దహనం చేసినంక ఆమె బూడిద నదిల కలపనీకె ఆయనకు చేతులు రాలే. చిన్న మూట కట్టి ఈ పెట్టెలనే పెట్టుకున్నడు. 'పైసలొద్దు, పెట్టె తీస్కపో. నా బదులు ఆ మూట కృష్ణల విడువు, చాలు' అన్నడు. ఒట్టేసిన, మేఘా."

"మరి విడువలేదా?"

"వానొస్తుండె. రేపు పోదాం అనుకున్న. బైకు మీద మూట విప్పుకపోయి లోపలంత చిందింది. నువ్వు చూస్తే ముట్టుకోవని, నీ బొమ్మ ఆగిపోతదని... నీతోటి చెప్పలే."

"అంటే పొద్దున నేను ఊదింది... నా నోట్లకు పోయింది..."

బావ తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. తెర మీద పిల్ల, మాకు వీపు చేసి కూర్చున్న పిల్ల, మెడ ఇటు తిప్పసాగింది. నా చెయ్యే తిప్పుతోంది.

"అదే నాకు అర్థమైతలేదే," అన్నాడు ఏడుస్తూ. "నిన్ననే నేను అదంత బ్రష్షు పెట్టి ఊడ్చిన. లోపల పిడికెడు గాదు, చిటికెడు గూడ మిగల్లే. ఊడ్చి కృష్ణల కలపలే మేఘా... మీ దుకాణం వెనక మురికి మోరీల పోసిన."