గోదారి దాటొచ్చిన మొట్టికాయ

"నా వల్ల కాదండి, సిగ్నలు నిలబట్టం లేదు," అన్నాడు ఇంజినీరు నిరంజన్, ల్యాప్‌టాపు మూసేస్తూ.

అంతే. ఎదురుగా కూర్చున్న పల్లాలు కుడిచెయ్యి దానంతటదే లేచింది. మధ్యవేలి కణుపు బైటికి పెట్టి ఇంజినీరుగారి నడినెత్తిన ఠంగుమని ఒక్కటిచ్చింది.

"అయ్యబాబోయ్!" అని పల్లాలు తన చేతిని తనే ఒడిసి పట్టుకుంది. "చెయ్యి నాదే గానీ కొట్టింది నేను కాదండి బాబూ!"

నిరంజన్ నెత్తి రుద్దుకుంటూనే గంతేశాడు. "వచ్చింది! సిగ్నలొచ్చింది! అది నువ్వు కాదమ్మా, సిస్టరు!"

నిజమే. ఆ మొట్టికాయ వేసిన సువార్తమ్మ సిస్టరు అక్కడ లేనే లేదు. గోదారికి అవతలి గట్టున, ఆసుపత్రి బల్ల ముందు కూర్చునుంది.

గోదారి మధ్యలో ఉన్న తొమ్మిది లంకలకీ కలిపి నర్సు ఆవిడొక్కత్తే. మిగతా పోస్టులన్నీ ఖాళీ. ఎవర్నేసినా పడవెక్కి, నీళ్ళు చూసి, ఆ పడవలోనే బదిలీకి అర్జీ రాసుకునేవాళ్ళు. సిస్టరు ఈ లంకలో సూదేస్తుంటే ఆ లంకలో ప్రాణం పోయేది. అందుకని నిరంజన్ చేతిజోడు కనిపెట్టి, లంకకో మనిషి చేతులకి తొడిగాడు.

పైకి ఉత్త రబ్బరు గ్లౌజులే. లోపల మాత్రం కొబ్బరీనెల్లాంటి తీగలు, ఆవగింజలంత మోటార్లు. అవతల సిస్టరు తన జోడు తొడుక్కుని వేలెలా వంచితే, ఇవతల పల్లాలు వేలు అలా వంగుద్ది. పల్లాలు వేళ్ళకి తగిలిన వేడి, నాడి, గట్టీ మెత్తా అన్నీ సిస్టరు వేళ్ళకి తెలుస్తాయి. నుదుటి మీద కెమెరా, చెవిలో సిస్టరు గొంతు. తొడుక్కున్నోళ్ళు చెయ్యాల్సింది రెండే: చెయ్యి వదిలెయ్యాలి, నోరు మూసుకోవాలి. మొదటిది పల్లాలుకి వారంలో వచ్చేసింది. రెండోది ఇప్పటికీ రాలేదు.

సిస్టరుకి ఒకటే గుణం. "నా వల్ల కాదు" అన్న మాట చెవిన పడితే రోగైనా, పెద్ద డాక్టరైనా మొట్టికాయే. జోడు దాన్ని కూడా గోదారి దాటించేసింది.

ఇహ పల్లాలుండే గువ్వల్లంకలో ఆ జోడు చేసిన పనులు వింటే మీకు అన్నం సయించదు. ఎద్దు పొడిచిన సత్తియ్య పొట్టకి కుట్లేస్తే, టైలరొచ్చి ఆ కుట్టు నేర్చుకుపోయాడు. తేలు కుట్టినోడికి మందేస్తే, ఆ తేలు సిగ్గుపడి లంకొదిలి పోయింది. దాంతో లంకలో ఎవరు ఎవర్ని కొట్టినా "నాది కాదు, సిస్టరు చెయ్యి" అనడం అలవాటైపోయింది. పల్లాలు మొగుడికైతే జోడు గూట్లో ఉన్నప్పుడు కూడా సిస్టరు చెయ్యే తగిలేది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పల్లాలుకీ ఆవిడ తోడికోడలు జ్యోతికీ మూడేళ్ళుగా మాటల్లేవు. వేరుపడినప్పుడు రుబ్బురోలు పల్లాలు వాటాకొచ్చింది. పొత్రం మాత్రం జ్యోతి పట్టుకుపోయింది. పొత్రం లేని రోలు వాననీళ్ళు పట్టడానికి, రోలు లేని పొత్రం తలుపుకి అడ్డం పెట్టడానికి తప్ప ఎందుకు పనికొస్తాయి? ఇద్దరి ఇళ్ళల్లోనూ మిక్సీలున్నాయి. అయినా సరే, పౌరుషం పౌరుషమే.

ఆ శ్రావణంలో గోదారి పోటెత్తింది. పట్టపగలే పడవలు కట్టేశారు. సరిగ్గా అప్పుడే జ్యోతికి నొప్పులు మొదలయ్యాయి.

"దాని చెయ్యి నా మీద పడ్డానికి వీల్లేదు!" అని మంచమ్మీంచి అరిచింది జ్యోతి.

"పడేది నా చెయ్యి కాదే తల్లీ, సిస్టరమ్మది. నేను ఉత్త చిలక్కొయ్యని," అని పల్లాలు జోడు తొడుక్కుంది.

బిడ్డ తల బైటికొచ్చింది. మెడకి బొడ్డుపేగు చుట్టుకునుంది. చెవిలో సిస్టరు, "కంగారుపడకే పల్లాలూ, వేలు పేగు కిందకి..." అంటూనే ఆగిపోయింది. అవతలి గట్టున టవరు గోదాట్లోకి ఒరిగిపోయింది మరి. జోడు పల్లాలు చేతుల మీద తడిగుడ్డలా వాలిపోయింది.

"సిస్టరమ్మా! సిస్టరమ్మగారూ!"

పలకలేదు. కింద చూస్తే బిడ్డ మొహం నల్లబడుతోంది. "దేవుడా, ఇంక నా వల్ల కా..."

మాట పూర్తవనే లేదు. చచ్చిన జోడుతోనే పల్లాలు కుడిచెయ్యి లేచి, పల్లాలు నెత్తి మీదే ఠంగుమంది.

పల్లాలు తన చేతికేసి తనే చూసుకుంది. ఏడాదిగా సిస్టరు వేళ్ళు ఏ దారిన పోయాయో ఈ వేళ్ళూ ఆ దారినే పోయాయి. బుర్రకి ఒక్క ముక్క రాదు. వేళ్ళకి మాత్రం అన్నీ వచ్చు! జోడు లాగి అవతల పారేసింది. మందునీళ్ళలో చేతులు ముంచింది. వేలు పేగు కిందకి పోనిచ్చి, మెల్లిగా వదులుచేసి, తల మీదుగా తప్పించేసింది.

"ఇంకొక్కసారి ముక్కవే!"

"నా వల్ల కాదక్కా!"

మూడేళ్ళకి 'అక్కా' అంది. అయినా మొట్టికాయ తప్పలేదు.

"అమ్మో! సిగ్నలొచ్చిందా?"

"వచ్చింది, ముక్కు!" అంటూ పల్లాలు ఇంకోటిచ్చింది. ఇది మొదటిదానికి రెండింతలుంది.

ఆ కోపంతో జ్యోతి ముక్కిన ముక్కుకి ఆడపిల్ల జారి పల్లాలు చేతుల్లో పడింది. పడింది గానీ ఏడవలేదు. పల్లాలు పొడిగుడ్డతో వీపు రుద్దింది. అరికాళ్ళు తట్టింది. మళ్ళీ రుద్దింది. "ఏడవ్వే! మనింట్లో నోరు లేని ఆడది ఎప్పుడైనా పుట్టిందటే?"

పిల్ల కేరుమంది. ఆ కేకకి గోదారి రెండడుగులు వెనక్కి తగ్గింది, కావాలంటే గట్టుని అడగండి.

వరద తీశాక నిరంజన్ చేతిజోళ్ళు తనిఖీ చేద్దామని వచ్చాడు. తొమ్మిది లంకల్లోనూ ఒక్కరూ తొడుక్కోవడం లేదు. ఓ లంకలో జోడుతో వేడి గిన్నెలు దించుతున్నారు. ఇంకో లంకలో దిష్టిబొమ్మకి తొడిగారు.

"పాడైపోయాయామ్మా?" అని గువ్వల్లంకకొచ్చి పల్లాలుని అడిగాడు.

"లేదండి. చెమట పోస్తుందండి. చేతులకి పనొచ్చేశాక తొడుగెందుకండీ?"

నిరంజన్ అరుగు మీద కూలబడ్డాడు. "నర్సుల్లేరనే కదమ్మా మిషను చేశాను! ఆ మిషనే లంకకో నర్సుని తయారుచేసి పెడితే, ఇంక మిషనెవరిక్కావాలి? పైవాళ్ళకి ఏం చెప్పను? నా వల్ల..."

చటుక్కున నోరు మూసి, రెండు చేతులతో నెత్తి కప్పుకున్నాడు.

అప్పుడే వచ్చింది జ్యోతి. ఒక చంకలో పిల్ల, ఇంకో చంకలో పొత్రం. పొత్రాన్ని తెచ్చి రోట్లో దింపింది. నడుం మీద చెయ్యేసుకుంది.

"నిజం చెప్పక్కా. ఆ రోజు టవరు పడిపోయాక మళ్ళీ సిగ్నలే రాలేదంట. ఇంజినీరుగారే చెప్పారు. మరి నాకు పడ్డ రెండు మొట్టికాయలూ ఎవరివి?"

పల్లాలు రోటి పక్కన చతికిలబడింది.

"మొదటిది సిస్టరమ్మదేనే. సిగ్నలున్నా లేకపోయినా అది ఆవిడదే." రోట్లో పొత్రాన్ని ఓసారి గుండ్రంగా తిప్పి చూసుకుంది. "రెండోది మాత్రం దీనిది."