ఎడమ సగం

విజయనగరం దాటి గజపతినగరం వెళ్లే దారిలో ఒక మెడికల్ కాలేజీ ఉంది. అందులో పొద్దుపోయాక ఎవరూ అడుగుపెట్టని గది ఒకటుంది. శవాలను కోసి పాఠం నేర్పే హాలు వెనకాల, మెదళ్లు దాచే గది.

ఇద్దరు వాచ్‌మెన్లు ఆ డ్యూటీ వద్దని మానుకుపోయారు. రాత్రిపూట బకెట్ల మధ్య ఎవరో తిరుగుతారట... ఒక్కో మూతా ఎత్తి చూస్తారట... తనది తనకు దొరికేదాకా.

నేను ఇలాంటివి నమ్మను. ఆ గదికి ఇరవై ఏళ్లుగా అటెండరుగా ఉన్న జోగయ్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ముందు అక్కడి కట్టుబాటు తెలియాలి. మెదడు మెత్తనిది. ఊరికే మందునీళ్లలో వేస్తే అడుగున అణిగి ఆకారం పోతుంది. అందుకని దారం కట్టి, తలకిందులుగా, ఫార్మలిన్ బకెట్‌లో వేలాడదీస్తారు. గట్టిపడ్డాక నలుగురు విద్యార్థులకు ఒకటి ఇస్తారు. కోసిన ప్రతి ముక్కా, గోరంతదైనా సరే, మళ్లీ అదే నంబరు బకెట్‌లోకి రావాలి. ఎందుకంటే పాఠాలన్నీ అయ్యాక, ఆ మనిషివన్నీ ఒకే గుడ్డలో కట్టి ఇంటివాళ్లకు అప్పగిస్తారు. దహనానికి.

"పాడుచేస్తే ఇంకోటి అడక్కండి," అని అనూరాధ మేడమ్ మొదటి రోజే చెప్పేవారట. "ఇచ్చిన మనిషికి ఉన్నది ఒక్కటే."

ఉష ఆ మాట విన్న పిల్లే. కోనాడలో చేపల వేటకెళ్లే అసిరయ్య కూతురు. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి. మెదడు పరీక్ష ఒకసారి తప్పింది. సోమవారం మళ్లీ పరీక్ష. ఇప్పుడూ తప్పితే ఆర్నెల్లు వెనకబడిపోతుంది.

శనివారం ప్రాక్టికల్ అయ్యాక అందరూ చేతులు కడుక్కుంటున్నారు. అప్పుడు... పదిహేడో బకెట్‌లోని ఎడమ సగాన్ని స్టీలు డబ్బాలో పెట్టేసుకుంది.

అవసరం, అనుకుంది. దొంగతనం చేసే ప్రతివాడూ మొదట అనుకునేది అదే.

ఆ రాత్రి నిద్ర లేదు. మంచం కింద డబ్బా. అటు తిరిగినా ఇటు తిరిగినా లోపల నీళ్లు కదిలిన చప్పుడు...

ఆదివారం సాయంత్రం, హాస్టల్లో అదే గదిలో ఉండే ఆమని ఆ డబ్బా చూసింది.

"ఏటే ఇది? మీ అమ్మ పంపిన చేపల పులుసా? ఒక్కదానివే మెక్కుదామనే?"

"ముట్టుకోకే ఆమనీ!"

"అబ్బో, మహా పులుసు!" అంటూ మూత ఎత్తింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఒసే... మన పదిహేడుదా? రేపు పొద్దున్నే దాని అప్పగింత. బోర్డు మీద రాశారు, చూసుకోలేదేటి? ఆ మనిషిని సగం తలతో సాగనంపుతావా?"

ఉష డబ్బా లాక్కుని మూత బిగించింది.

రాత్రి ఎనిమిది. కాలేజీ అంతా కరెంటు పోయింది. మెదళ్ల గది కిటికీకి గడియ పడదు. ఉష ఆ కిటికీలోంచి లోపలికి దిగింది. ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండిపోయాయి. సెల్‌ఫోను లైటులో బకెట్లు వరసగా కనిపించాయి. పద్నాలుగు... పదిహేను... పదహారు...

పదిహేడో బకెట్ మూత పక్కన పెట్టి ఉంది.

తను మూసే వెళ్లింది. బాగా గుర్తు.

ఫోను బల్ల మీద పెట్టి, చేతికి తొడుగు వేసుకుని, డబ్బా తెరిచింది. ఎడమ సగం బయటికి తీసింది—

"ఏటది...?"

వెనకనుంచి. గుసగుస. ఆడ గొంతో మగ గొంతో తెలియదు. ఎవరో పీక నొక్కితే వచ్చినట్టుంది.

ఉష తిరిగి చూడలేదు.

"మెదడే కదా... నాకు తెలుసు. అందులో... సూపెక్కడుంటాది?"

జవాబు చెప్పకపోతే ప్రాణం పోతుందనిపించింది. "వె... వెనకాల..."

"పాత గురుతులు?"

"లోపల. కణత కింద."

ఏదో నేలమీద ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చింది. సర్ర్... సర్ర్... మెడ మీద ఊపిరి తగిలింది.

"మరి... మాట?"

"ఎడమ పక్క... ముందు..." చూపిద్దామని వేలు పెట్టింది. గట్టిగా తగలాల్సిన చోట వేలు లోపలికి దిగిపోయింది. గుంట... లోపలంతా కరిగిపోయిన గుంట.

"పెళ్లాం మొకం... ఏ మూల ఉంటాది?"

ఉష కెవ్వుమంది.

తలుపు భళ్లున తెరుచుకుంది. ఎమర్జెన్సీ లైటుతో జోగయ్య.

"ఏటి దాలమ్మా, ఎవులితోటి మాట్లాడతన్నావు?"

వెలుగులో కనిపించింది దెయ్యం కాదు. స్టూలు ఈడ్చుకుంటూ వచ్చిన ఒక ముసలామె. ఫార్మలిన్ ఘాటుకి గొంతు పట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"రామతీర్థం నుంచి వచ్చినాది," అన్నాడు జోగయ్య. "పొద్దున్న బస్సు అందదని. మొగుడి దగ్గర కూసుంతానంటే పదిహేడు మూత తీసి సూపించినాను. కరెంటు పోతే లైటుకెళ్లాను. నువ్వెందుకొచ్చావు? ఆ డబ్బా ఏటి?"

అన్నం డబ్బా అని చెప్పి తప్పించుకోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చిందట ఆ మాట.

"నేనే పట్టుకెళ్లాను తాతా," అంది ఉష. "నిన్నటినుంచి నా గదిలోనే ఉంది."

జోగయ్య చెయ్యెత్తి, దించేశాడు. "రేపు ఈవిడ ముందు నాను తలెలా ఎత్తాలి? మేడమ్‌కి నువ్వే సెప్పుకో. నాను సెప్పను. నువ్వే సెప్పాలి."

తెల్లారగానే ఉష చెప్పింది. మేడమ్ ఆమెను పరీక్ష రాయనివ్వలేదు. ఆర్నెల్లు పోయాయి. అది న్యాయమే.

కానీ ఆ రాత్రి దాలమ్మకు ఈ గొడవ చెవికెక్కలేదు. స్టూలు లైటు దగ్గరికి లాక్కుని ఆ గుంటనే చూస్తోంది.

"ఇదేనా, మాటుండే సోటు?"

"అవును మామ్మా. రక్తం అందక ఇక్కడ చచ్చిపోయింది. చెప్పాలని ఉన్నా నోట మాట రాదు."

"ఆసుపత్రోళ్లూ అలాగే సెప్పినారు. నాను నమ్మలేదు. పడిపోయిన రోజు పొద్దున్నే నోటికొచ్చినట్టు తిట్టీసినాను. ఆ తరవాత మూడేళ్లు బతికినాడు... ఒక్క మాట మాటాడలేదు. కోపం అనుకున్నాను. కోపంతోనే పోయాడనుకున్నాను."



దాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, జోగయ్య వైపు తిరిగింది.

"రేపు మూట కట్టీటప్పుడు, బాబూ... మాటుండే ఈ సగం పైకెట్టండి."